దిండు తడిస్తే పడవ చెడినట్టే

నాలుగేళ్ల కిందట ఆగస్టులో ఒక శనివారం రాత్రి, అమెరికాలోని మేరీల్యాండ్‌లో, చీసపీక్ బే అనే పెద్ద అఖాతం తూర్పు ఒడ్డున ఉన్న వై నదిలో మా తెరచాప పడవకు లంగరు వేసుకుని పడుకున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. పగలంతా గాలి లేదు. పొద్దు వాలాక పడమట మబ్బు లేచింది, పదకొండు దాటాక ఉరుములతో వాన పట్టుకుంది. ఈ బేలో వేసవి రాత్రులకు అది మామూలే. అడుగున మెత్తటి బురద కాబట్టి లంగరు బాగా కూరుకుపోయింది, పడవ చోటు వదల్లేదు, నాకు భయం వేయలేదు. ఒంటిగంటకు అమ్మాయి లేచి కూర్చుని, "నాన్నా, దిండు తడిగా ఉంది" అంది.

టార్చి వేసి చూశాను. అల్మరా వెనక నుంచి సన్నటి నీటి చార ఒకటి గోడ వెంట దిగి, సరిగ్గా తను తల పెట్టుకునే చోట చుక్కలు చుక్కలుగా పడుతోంది. దిండు తీసి గిన్నె పెట్టాను. గిన్నెలో చుక్క పడే చప్పుడుకి తెల్లారేదాకా ముగ్గురికీ కునుకు లేదు. పొద్దున్న మా ఆవిడ కోప్పడలేదు. కాఫీ కప్పు నా చేతికిచ్చి, "ఏవండీ, ఇకమీదట మీరొక్కరే వెళ్లి రండి. మేం ఇంటి దగ్గర ఉంటాం" అంది.

కోప్పడి ఉంటే సర్దిచెప్పేవాణ్ని. అంత నెమ్మదిగా అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ఏడు వసంతంలో పడవ మీద నేను పెట్టిన ఖర్చంతా నాకు గుర్తుంది. నీళ్ల మీద దారి చూపించే తెర, చార్ట్‌ప్లాటర్, కొత్తది కొన్నాను. ముందు తెరచాప కొత్తది కుట్టించాను. వాళ్లు పడుకునే చోటు మీద ఒక్క డాలరు పెట్టలేదు. అంతకు ముందు వానల్లోనూ ఆ మూల కాస్త చెమ్మ కనిపించింది. తుడిచేసి ఊరుకున్నాను.

ఆ పొద్దున్నే ఇంకొకటి జరిగింది. నిద్ర లేని కళ్లతో నది నుంచి బయటికి వస్తూ, ఎర్ర గుర్తుకు ఏ పక్కనుంచి వెళ్లాలో తెలిసి కూడా, రెండో పక్కనుంచి తిప్పాను. పడవ మెత్తగా బురదలో కూరుకుని ఆగిపోయింది. నీటి మట్టం పెరిగేదాకా రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు, పడవకూ ఏమీ కాలేదు. కానీ అడుగున బురద బదులు బండ ఉండి ఉంటే?

నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచే పుట్టింది. మాలాగా ముప్పై, ముప్పై అయిదు అడుగుల పాత సెయిల్‌బోట్ ఒకటి కొనుక్కుని, నాలుగు రోజులు అందులోనే వండుకుని, పడుకుని తిరిగేవాళ్లు సౌఖ్యాన్ని ఆఖరి పద్దులో రాస్తారు. ముందు ఇంజను, తెరచాపలు, పరికరాలు, మిగిలితే పరుపులు. నేనూ అలాగే రాశాను. ఈ లెక్క తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పడవలో మనిషికి ఎక్కడ ఇబ్బందిగా ఉందో, దాదాపు ఎప్పుడూ అక్కడే పడవ పాడవుతూ ఉంటుంది. మా రేవులో పడవలు అమ్ముకుని వెళ్లిపోయిన నాలుగైదు కుటుంబాలను దగ్గరగా చూశాను. ఒక్కరు కూడా తుపానుకు భయపడి మానలేదు. చెమ్మ పరుపులు, టాయిలెట్ వాసన, జూలై ఉక్క, నిద్ర పట్టని రాత్రులు. ఇవే వాళ్లను ఒడ్డుకు చేర్చాయి.

మా అమ్మమ్మగారిది కాకినాడ దగ్గర పల్లెటూరు. తాటాకు ఇల్లు. ప్రతి ఏడూ తొలకరికి ముందు మనుషులను పిలిచి కప్పు నేయించేవారు. డబ్బు ఇబ్బంది ఉన్న ఏడు కూడా ఆ పని ఆగేది కాదు. అది విలాసమని ఎవరూ అనుకోలేదు. కారే కప్పు కింద దూలం కుళ్లుతుందని, దూలం కుళ్లితే ఇల్లు నిలవదని ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది తెలిసిన ఇంటి నుంచి వచ్చిన నేను పడవ దగ్గర ఎలా మరచిపోయానో ఇప్పటికీ నాకు బాధే.

ముందు కారడం సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని తర్వాతే. ఫైబర్‌గ్లాస్ పడవల డెక్, అంటే మనం నడిచే పైతట్టు, ఒకే పలక కాదు. పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఒక పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి అతికిస్తారు. తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పొడిగా ఉన్నంతకాలం. ఆ డెక్ మీద కడ్డీలకు, కప్పీలకు, కిటికీలకు వందకు పైగా రంధ్రాలు పడతాయి. ప్రతి రంధ్రం దగ్గరా లోపల ఉన్న చెక్కకూ బయటి వానకూ మధ్య ఉన్నది సందు మూసే కాస్త జిగురు, అంటే సీలెంట్ మాత్రమే. పదిహేను, ఇరవై ఏళ్లకు అది గట్టిపడి, అంచు వదిలేస్తుంది. అప్పుడు నీళ్లు ముందు చెక్కలోకి పోతాయి. లోపల మనకు చుక్క కనిపించేసరికి చెక్క తాగాల్సినంత తాగేసి ఉంటుంది. డెక్ మీద నడుస్తుంటే కాలి కింద కాస్త మెత్తగా తగిలినా, స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు ఖంగుమనాల్సిన చోట బొదబొదమన్నా, అక్కడ లోపల కుళ్లు మొదలైనట్టే.

ఇంకొక చిక్కు. నీళ్లు దూరిన చోటా బయటపడే చోటా ఒకటి కావు. మా అమ్మాయి దిండు మీద పడిన చుక్క అక్కడికి నాలుగడుగుల ముందు నుంచి వచ్చింది. నేను మొదట చేసిన తప్పు, కనిపించిన సందుకల్లా సిలికోన్ పూయడం. ఒక్క వానకే మళ్లీ కారింది. పైగా సిలికోన్ పూసిన చోట ఆ తర్వాత ఏదీ సరిగా అంటుకోదు. దాన్ని గీకి తీయడానికే ఒక శనివారం పోయింది.

సరైన పద్ధతికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల అల్మరాలు, పైకప్పు పలకలు ఊడదీసి టార్చితో కూర్చోవాలి. ఇంకొకరు బయట గొట్టంతో నీళ్లు పోయాలి, అదీ కింది నుంచి పైకి. ముందు డెక్ అంచు, తర్వాత కడ్డీల మొదళ్లు, తర్వాత కిటికీలు, ఆఖరున మాస్ట్ దగ్గర, అంటే తెరచాప స్తంభం దగ్గర. ఒక్కో చోట పది నిమిషాలైనా పోయాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కిందికి జారి ఏది కారుతోందో తెలియకుండా పోతుంది. లోపల అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లితే చార ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే, తలుపులన్నీ మూసి, డెక్ మీది మూతతలుపు, అంటే ఒక హ్యాచ్‌కు అట్ట బిగించి, ఆకులు ఊడ్చే బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టి, బయట సబ్బునీళ్లు చల్లాలి. కారే చోట బుడగలు లేస్తాయి. సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికినట్టే.

దొరికాక బాగుచేయడం ఓపికతో కూడిన పని, కష్టమైన పని కాదు. బోల్టు తీసేయాలి. రంధ్రం పెద్దది చేసి, చుట్టూ తడిసిన చెక్కను లోపలి నుంచి గీకి తీయాలి. వంచిన మేకును డ్రిల్‌కు బిగించి తిప్పితే సులువుగా వస్తుంది. ఆరనివ్వాలి, రోజులు పట్టినా సరే. కింద టేపు వేసి, చిక్కటి ఎపాక్సీ జిగురుతో ఆ గుంట నింపాలి. అది గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త రంధ్రం వేస్తే, ఇక ఆ బోల్టు పక్కన చెక్కే ఉండదు. తర్వాతెప్పుడైనా కారినా నీళ్లు చెక్కలోకి పోవు. రంధ్రం పై అంచును కొద్దిగా ఏటవాలుగా చెక్కి, బోల్టు మెడకు బ్యుటైల్ టేపు చుట్టి బిగించాలి. ఒక్కసారే బలమంతా పెట్టకుండా, రోజుకు కాస్త చొప్పున మూడు నాలుగు రోజులు. బ్యుటైల్ చుయింగ్ గమ్‌లా సాగుతుంది, ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది, అవసరమైనప్పుడు ఊడి వస్తుంది. నీటి మట్టానికి పైన ఉండే చాలా అమరికలకు నేను అదే వాడతాను. కిటికీ అద్దాలకు మాత్రం వేరే సీలెంట్లు ఉన్నాయి.

మా దిండు తడిపింది చివరికి చైన్‌ప్లేట్ అని తేలింది. మాస్ట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే ఉక్కు తీగలు డెక్ దగ్గర ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీకి తగిలించి ఉంటాయి. ఆ పట్టీ డెక్‌ను చీల్చుకుని కిందికి దిగి లోపలి గోడకు బోల్టులతో బిగించి ఉంటుంది. పడవ ఒరిగిన ప్రతిసారీ ఆ పట్టీ వెంట్రుకవాసి కదులుతుంది కాబట్టి, దాని చుట్టూ సీలెంట్ అన్నిటికన్నా ముందు వదులుతుంది. దాన్ని ఊడదీసి చూసిన రోజు నా చేతులు చల్లబడ్డాయి. డెక్ మందంలో దాగి ఉన్న భాగంలో గోధుమరంగు మరక, దాని మీద గోరు తగిలేంత పగులు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో దాని మీద ఏర్పడే పలుచటి పొర. గాలి తగలని తడి సందులో ఆ పొర నిలవదు, లోహం లోలోపల తినేయబడుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది.

అంటే ఆ రాత్రి పిల్ల దిండు మీద పడిన చుక్క, మాస్ట్ కూలిపోవడానికి సిద్ధంగా ఉందని చెప్పిన మొదటి కబురు. దాన్ని నేను గిన్నెలో పట్టుకున్నాను. పదిరోజుల ముందే గాలి బాగా ఉన్న పూట అదే పట్టీ మీద భారం వేసి మేం ముగ్గురం బే దాటి వచ్చాం. నాలుగు చైన్‌ప్లేట్లూ కొత్తవి చేయించాను. వాటి ఖర్చు ఆ చార్ట్‌ప్లాటర్ ఖర్చు కన్నా తక్కువ.

మా రేవులో ఒక పెద్దాయన ఉన్నారు. వయసులో ఉండగా అట్లాంటిక్ దాటినవారు. ఆయనంటే నాకు చాలా గౌరవం. ఈ గొడవంతా విని, "పడవంటేనే తడి. మా రోజుల్లో ఎవరూ పరుపు గురించి మాట్లాడలేదు" అన్నారు. ఈ మాట పడవల వాళ్లలో చాలామంది నోట వింటాం. సముద్రం మీద తడుస్తాం, నిజమే. ఒళ్లు తడవడం వేరు, పక్క తడవడం వేరు. బయట రోజంతా తడిసినవాడికి లోపల పొడి పక్క ఇంకా అవసరం.

ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని మొదట చుట్టి వచ్చిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ పేరు సుహైలీ. మన బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ. 1968 జూన్‌లో బయలుదేరి 312 రోజులకు, 1969 ఏప్రిల్ 22న తిరిగి వచ్చారు. ఆయన కష్టాల గురించి అందరూ చెబుతారు. నాకు గుర్తుండిపోయింది ఒకటే. ప్రయాణం మొదట్లోనే అడుగు పలకల అతుకుల నుంచి నీళ్లు ఊరుతున్నాయని గమనించి, నడి సముద్రంలో నీళ్లలో మునిగి, అతుకుల్లో దూది కూరి, పైన రాగిరేకు కొట్టారు. తోడుకుంటూ పోదాంలే అని ఊరుకోలేదు.

కారడం ఆగాక కూడా పడవ లోపల తడి ఉంటుంది. అది మనమే పుట్టిస్తాం. ఊపిరిలో ఆవిరి, తడి బట్టలు, వంట. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుందని చెబితే మా ఆవిడ మొదట నమ్మలేదు. అక్టోబరు రాత్రి బయట చలి, లోపల మనం. ఆ ఆవిరంతా చల్లటి ఫైబర్‌గ్లాస్ గోడకు తగిలి నీరవుతుంది. పరుపు కింద గాలి ఆడదు కాబట్టి అక్కడ ఎక్కువ. పొద్దున్నే పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లటి బూజు చుక్కలు. దీనికి మందులు చాలా అమ్ముతారు. మేం చేసింది పరుపు కింద సందుసందులుగా ఉండే చెక్క పట్టీలు వేయడం. అరంగుళం ఖాళీ చాలు. పగలు పరుపులు నిలబెడతాం. చేయాల్సిన పని అంతే.

గాలి మాత్రం మనిషి లేనప్పుడు కూడా ఆడాలి. పడవ ఎక్కువకాలం గడిపేది మూసి ఉండే కదా. వాన పడుతున్నా గాలిని లోపలికి వదిలి నీళ్లను ఆపే డొరాడ్ పెట్టె అని ఒకటుంది. 1930లో నీళ్లలోకి దిగిన డొరాడ్ అనే పడవ పేరే దానికి స్థిరపడింది. కుర్రవాడైన ఓలిన్ స్టీఫెన్స్ గీసిన ఆ పడవ మరుసటి ఏడే అట్లాంటిక్ పందెం గెలిచింది. గాలి గొట్టం నేరుగా లోపలికి దిగకుండా ఒక పెట్టెలోకి దిగుతుంది. పెట్టెలో పడిన నీళ్లు పక్క రంధ్రాల నుంచి డెక్ మీదికి పోతాయి, గాలి పక్కనే ఉన్న ఎత్తైన గొట్టం నుంచి లోపలికి పోతుంది. దాదాపు వందేళ్లయినా దీన్ని మించినది నాకు కనిపించలేదు. మా పడవకు అవి లేవు. టాయిలెట్ పైన ఎండతో తిరిగే చిన్న ఫ్యాను ఒకటి, ముందు వైపు ఒక గాలి రంధ్రం పెట్టాను. ఒకటి లాగుతుంది, ఒకటి ఇస్తుంది. రెండూ ఉంటేనే పని.

ఇక వాసన. దీని గురించి మాట్లాడటానికి జనం మొహమాటపడతారు, అందుకే ఎవరికీ సరిగా తెలియదు. నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

వారం తర్వాత పడవకు వెళ్లి మొదటిసారి టాయిలెట్ పంపు కొట్టగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అది మలమూత్రాల వాసన కాదు. బయటి నుంచి తోడుకున్న నీళ్లలోని సూక్ష్మజీవులు గొట్టంలో చిక్కి, చచ్చి, కుళ్లి, ఉప్పునీటిలోని సల్ఫేట్‌తో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తాయి. కాబట్టి మురుగు ట్యాంకులో ఎన్ని సెంట్లు పోసినా పోదు. ఇంటికి వెళ్లే ముందు బయటి నీళ్ల కవాటం మూసి, మంచినీళ్లు ఆ గొట్టంలోకి లాగి పంపు కొట్టాలి. కొన్ని పడవల్లో వాష్‌బేసిన్ నీళ్లు అటు మళ్లేలా కలుపుతారు. మేమూ అదే చేశాం. ఆ ఒక్క మార్పుతో సగం వాసన పోయింది.

మిగతా సగం గొట్టాలది. పాత గొట్టం గోడల నుంచే వాసన ఊరుతుంది, బయటికి ఒక్క చుక్క కారకపోయినా. పరీక్ష తేలిక. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టం చుట్టూ కాసేపు చుట్టి ఉంచి, తీసి, గుడ్డను వాసన చూడండి. గుడ్డకు అంటితే గొట్టం మార్చాల్సిందే. మార్చేటప్పుడు లోపల చూస్తే సున్నం కట్టి సందు సగమై ఉంటుంది. ఉప్పునీళ్లూ మూత్రమూ కలిస్తే అలా పేరుకుంటుంది. నెలకోసారి వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే పేరుకోదు. టాయిలెట్ వెనక చిన్న రబ్బరు కవాటం ఒకటుంటుంది, పోయినది తిరిగి రాకుండా ఆపేది. దాన్ని ఏడాదికోసారి మార్చేయాలి. ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోకుండా చూడాలి. గాలి బాగా ఆడే ట్యాంకులో కుళ్లు వాసన తక్కువ. తీరానికి మూడు నాటికల్ మైళ్ల లోపల శుద్ధి చేయని మురుగు నీళ్లలోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. బే అంతా అందులోకే వస్తుంది. మురుగును బయటికి వదిలే కవాటానికి తాళం వేసి, ట్యాంకును తోడిపెట్టే పంపౌట్ రేవుల్లో ఖాళీ చేయించుకోవాలి. పిల్లలు ఈదేది ఆ నీళ్లలోనే.

మంచినీళ్ల ట్యాంకు కూడా ఏడాదికోసారి కడగాలి. పదిహేను గ్యాలన్లకు పావు కప్పు చొప్పున వాసన కలపని మామూలు బ్లీచ్ కలిపి, కుళాయిలన్నిటిలోకీ వచ్చేదాకా తిప్పి, నాలుగైదు గంటలు ఉంచి, వాసన పోయేదాకా కడగడం. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

నిద్ర గురించి ఆలోచించడం మొదలుపెట్టాక చప్పుళ్లు వినిపించడం మొదలైంది. రాత్రంతా మాస్ట్‌కు టకటకా కొట్టుకునే తాళ్లు పక్క పడవల వాళ్ల నిద్ర కూడా చెడగొడతాయి. ఆ కొట్టుకోవడంలోనే తాడు అరుగుతుంది, మాస్ట్ రంగు పోతుంది. ఒక చిన్న తాడుతో పక్కకు లాగి కడితే రెండూ ఆగుతాయి. లంగరు గొలుసు రాత్రి గరగరమంటే, గొలుసుకు ఒక నైలాన్ తాడు తగిలించి భారం దాని మీద వేయాలి. నైలాన్ సాగుతుంది కాబట్టి కుదుపు తగ్గుతుంది, చప్పుడు పోతుంది, లంగరు లాగే యంత్రం మీద ఒత్తిడి ఉండదు. ఇక్కడ కూడా అదే సంగతి. మన చెవికి ఇబ్బందిగా ఉన్నది పడవకు నష్టం.

జూలైలో చీసపీక్ ఉక్క కాకినాడ మే నెలను తలపిస్తుంది. నీళ్లలో దూకుదామంటే ఆ నెలల్లోనే కుట్టే జెల్లీఫిష్‌లు నిండి ఉంటాయి. ఏసీ గురించి నేను మాట్లాడను, లంగరు మీద ఉన్నప్పుడు దానికి సరిపడా కరెంటు మాలాంటి పడవలో ఉండదు. తెల్లటి గుడ్డ పందిరి తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, బూమ్ మీదుగా కట్టడం, ముందు హ్యాచ్ మీద గాలిని లోపలికి మళ్లించే గుడ్డ తొట్టి, ప్రతి పక్క దగ్గరా పన్నెండు వోల్టుల చిన్న ఫ్యాను, అన్ని హ్యాచ్‌లకూ దోమతెరలు. మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఆ పందిరి కింద కూర్చుని, "పెళ్లి పందిట్లో ఉన్నట్టుందిరా" అంది.

ఫ్యాన్లు రాత్రంతా తిరగాలంటే బ్యాటరీ నిలవాలి. పాత బల్బులు ఒక్కొక్కటి పది వాట్లు తాగేవి, ఎల్‌ఈడీలు ఒకటి రెండు వాట్లతో సరి. ముందు బల్బులు మార్చండి, తర్వాత బ్యాటరీ గురించి ఆలోచించండి. మామూలు లెడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టులు చూపిస్తుంది, 12.2 దగ్గరికి వచ్చిందంటే సగం అయిపోయింది. అంతకన్నా దిగకుండా చూసుకుంటే ఎక్కువ ఏళ్లు ఉంటుంది. వంద వాట్ల సోలార్ పలక ఒకటి మా ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతోంది. రేవు కరెంటు ప్లగ్గును మాత్రం ప్రతిసారీ చూడండి. పిన్నుల దగ్గర గోధుమరంగు కాలిన మచ్చ ఉంటే ఆ తీగ ఇక వాడొద్దు. కరెంటు ఉన్న రేవులో పడవల మధ్య పిల్లలను ఈతకు దించొద్దు. ఎక్కడో ఒక పడవ నుంచి కరెంటు నీళ్లలోకి లీకైతే మనిషి కదల్లేక మునిగిపోతాడు. ఇది బతిమాలి చెబుతున్నాను.

వంట దగ్గర మన తెలుగు ఇళ్ల అలవాట్లు పడవకు బాగా సరిపోతాయి. ప్రెషర్ కుక్కర్ మూత బిగిసి ఉంటుంది, పడవ ఊగినా అన్నం ఒలికిపోదు, గ్యాస్ సగం ఆదా, ఆవిరీ తక్కువే. కందిపొడి, ఆవకాయ, చింతపండు పులిహోర ఉంటే రెండు రోజులు ఫ్రిజ్ అక్కర్లేదు. పోపు మాత్రం హ్యాచ్ తెరిచి పెట్టాలి. గ్యాస్ విషయంలో ఇంటికీ పడవకూ పెద్ద తేడా ఉంది. ప్రొపేన్ గాలి కన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు కింద నుంచి బయటికి పోయే దారైనా ఉంటుంది, పడవలో అది నేరుగా అడుగున చేరి నిప్పురవ్వ కోసం కూర్చుంటుంది. సిలిండర్ ఉండే అర నుంచి బయటికి దారి ఉండాలి, వంట కాగానే గ్యాస్‌ను సిలిండర్ దగ్గరే ఆపేయాలి. ఇంజను పొగ లోపలికి వస్తే తెలియడానికి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి.

ఇంజను గురించి నా దగ్గర కొత్తగా చెప్పేది లేదు. సముద్రపు నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, ఏడాదికోసారి మార్చండి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడికి పోయిందో దొరికేదాకా వెతకండి, లేకపోతే అది ఇంజనును చల్లబరిచే హీట్ ఎక్స్చేంజర్‌లో అడ్డం పడుతుంది. అడుగు కవాటాలను నెలకోసారి తెరిచి మూయండి. ప్రతి కవాటం పక్కన సరిపడా చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. గొట్టం ఊడిన అర్ధరాత్రి వెతుక్కునే టైం ఉండదు.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ అమ్మాయిలు బయలుదేరి, భూమిని చుట్టి, 254 రోజులకు 2018 మే 21న తిరిగి వచ్చారు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తిరుగు దారిలో చుక్కాని తిప్పే యంత్రం పాడై, వాళ్లు అనుకోకుండా మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవుకు చేరాల్సి వచ్చింది. 55 అడుగుల పడవలో ఆరుగురు అన్ని నెలలు కలిసి ఉన్నారంటే, వంటకు, పక్కకు, టాయిలెట్‌కు ఒక పద్ధతి లేకుండా సాధ్యమయ్యే పని కాదు. మన దగ్గర హుస్సేన్ సాగర్ మీద చిన్న పడవలతో తెరచాప నేర్చుకుంటున్న పిల్లలను చూసినప్పుడు, వాళ్లకు గాలి పాఠాలతో పాటు సీకాక్, అంటే అడుగు కవాటం, విప్పి బిగించడం కూడా నేర్పితే బాగుండనిపిస్తుంది.

ఇక్కడ నవంబరుతో సీజన్ అయిపోతుంది. గడ్డకట్టే చలి కాబట్టి నీళ్ల గొట్టాలన్నిటిలో గులాబీ రంగు ప్రొపిలిన్ గ్లైకాల్ ద్రవం నింపాలి. కార్లకు వాడే ఆకుపచ్చ ఎథిలిన్ గ్లైకాల్ విషం, మంచినీళ్ల గొట్టాల్లోకి పోనివ్వకూడదు. పరుపులన్నీ ఇంటికి తెచ్చేస్తాం. పైన కప్పే ప్లాస్టిక్‌కు రెండు చివర్లా గాలి దారి వదులుతాం. గాలి ఆడకుండా బిగించి కప్పిన పడవ మార్చికల్లా లోపలంతా బూజే.

చైన్‌ప్లేట్లు మార్చిన మరుసటి వేసవిలో ఒక్కసారి రమ్మని మా ఆవిణ్ని అడిగాను. వచ్చే ముందు ఒక షరతు పెట్టింది. పడవ మీద ఏ డబ్బు ఖర్చయినా ముందు తను రాసిన పద్దు పూర్తవ్వాలని. ఇప్పటికీ ఆ పద్ధతే నడుస్తోంది. మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు. వాన పడ్డ ప్రతిసారీ టిష్యూ కాగితాల కట్ట పట్టుకుని పడవంతా తిరుగుతుంది. ప్రతి బోల్టు కిందా, ప్రతి కిటికీ మూలా కాగితం ఒత్తి చూసి, దానికోసమే పెట్టుకున్న నోటుబుక్‌లో తేదీ వేసి రాస్తుంది. చాలా పేజీల్లో "ఏమీ లేదు" అనే ఉంటుంది. పోయిన నెలలో ఒక పేజీలో ఇలా రాసింది: "ముందు హ్యాచ్, ఎడమ మూల, రెండు చుక్కలు. నాన్నకు చెప్పాను." కొత్త రబ్బరు పట్టీ తెప్పించాను. శనివారం వాన లేకపోతే ఇద్దరం వెళ్లి ఆ హ్యాచ్ ఊడదీస్తాం.